నాణేల చదువు: బడిలో ఎంత, బయట ఎంత?

నాణెములను పరిశీలించి గడచిన కాలాన్ని తెలుసుకొనే విద్యను నాణక శాస్త్రం అంటారు. మన డిగ్రీ సిలబస్‌లో ఈ విద్య లేదు. బి.ఎస్సీ. వారికి అసలే లేదు. ప్రాచీన చరిత్రలో ఎం.ఏ. చేసేవారికి ఒక పేపరుగానో, పేపరులో ఒక పాఠంగానో కనబడుతుంది. నాసిక్ దగ్గర ఆంజనేరిలో దీనికోసమే ఒక పరిశోధన సంస్థ ఉంది గాని, నర్సీపట్నం చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే రైతుబిడ్డకు నాసిక్ చాలా దూరం. మరి ఈ విద్య మీద మనసుపడ్డవాడు కాలేజీని నమ్ముకోవాలా, తన కళ్ళనూ చేతులనూ నమ్ముకోవాలా?

మా అయ్య అయితే ఈ ప్రశ్నను ఒక్క మాటలో తేల్చేశాడు. "ఈ బిళ్ళలకి మార్కులేస్తార్రా?" అన్నాడు. వెయ్యరు. ఆ సంగతి ఒప్పుకునే ఈ వ్యాసం మొదలుపెడుతున్నాను.

ఈ శాస్త్రాన్ని నిలబెట్టిన పెద్దల్లో చాలామంది దీన్ని బడిలో చదువుకోలేదు. జేమ్స్ ప్రిన్సెప్ (1799-1840) టంకశాల ఉద్యోగి. కాశీలోనూ కలకత్తాలోనూ లోహం మంచి చెడ్డలు పరీక్షించడం ఆయన పని. విశ్వవిద్యాలయ పట్టా లేదు. అలాంటివాడు 1837లో బ్రాహ్మీ లిపిని చదివి అశోకుడి శాసనాలకు నోరిచ్చాడు. ఒకవైపు గ్రీకు, ఒకవైపు ఖరోష్ఠి ఉన్న నాణేలు ఆయనకు ఖరోష్ఠి లిపి పలకలుగా పనికివచ్చాయి. మన ఉత్తర సర్కారులకు కమీషనరుగా పనిచేసిన వాల్టర్ ఇలియట్ దొర రెవెన్యూ అధికారి. దక్షిణ దేశపు నాణేల మీద ఆయన పుస్తకం 1880లలో వెలువడేనాటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. మన కాలానికి వస్తే, హైదరాబాదు నిమ్స్‌కు డైరెక్టరుగా చేసిన డాక్టర్ రాజారెడ్డి గారు మెదడు శస్త్రచికిత్స నిపుణులు. నాణేల మీద పుస్తకాలు రాశారు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహన వంశానికి మూలపురుషుడని చెప్పే చిముకుడి పేరున్న నాణేలు దొరికాయి. వాటిలో చాలావాటిని మొదట ఏరినవాళ్ళు స్థానికులే. వాటిని చదివి లోకానికి చెప్పినవారు పరబ్రహ్మశాస్త్రి గారు. ఆయన మాత్రం పురావస్తు శాఖలో తలపండిన శాసన పండితులు.

ఇంతవరకు చదివి "చూశావా, చదువెందుకు?" అనే మిత్రులు మన హాస్టల్లో ఉన్నారు. వాళ్ళు తొందరపడుతున్నారు. పైవాళ్ళెవరూ చదువు లేనివాళ్ళు కారు. ప్రతివాడూ వేరే పనిలో గట్టి శిక్షణ పొందినవాడే. ప్రిన్సెప్ చేతికి త్రాసు తెలుసు, డాక్టరు గారి కంటికి సన్నని తేడా తెలుసు. ఆ శిక్షణను నాణేల దగ్గరకు మోసుకొచ్చారు, అంతే. అలాగైతే మన బి.ఎస్సీ. వాళ్ళు మోసుకెళ్ళగలిగింది ఏమిటి?

మన భౌతికశాస్త్రం ల్యాబులో ఉన్న త్రాసు. ఫస్టియర్లో ఆర్కిమిడీస్ సూత్రం మీద ప్రయోగం చేసి, రికార్డు రాసి, సంతకం పెట్టించుకుని మరిచిపోతాం. దాన్ని ఒక పాత రూపాయి మీద పెట్టి చూడండి.

1835లో కంపెనీ వాళ్ళు దేశమంతటికీ ఒకే రూపాయి పెట్టారు. బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి, మిగతాది కల్తీ లోహం. (మన నాయనమ్మలు "రూపాయి ఎత్తు కరక్కాయ పొడి" అంటారే, ఆ ఎత్తు ఇదే. తులమూ ఇదే.) వెండి సాంద్రత 10.49, రాగి 8.96. లెక్క వేస్తే ఆ రూపాయి సాంద్రత సుమారు 10.3 రావాలి. నీళ్ళలో ముంచి తూస్తే 1.13 గ్రాములు తగ్గాలి. 1940 నుంచి యుద్ధకాలంలో వెండిని సగానికి దించి రాగి, నికెలు, జింకు కలిపారు. దాని సాంద్రత 9.5 దాటదు. నీళ్ళలో 1.22 గ్రాములు తగ్గుతుంది. తేడా పదో వంతు గ్రాము కూడా సరిగా లేదు, అయినా మన త్రాసు దాన్ని పట్టేస్తుంది. 1947 నాటి రూపాయి వట్టి నికెలు. దానికి త్రాసు కూడా అక్కరలేదు, అయస్కాంతం చాలు.

మా నాయనమ్మ దాచుకున్న 1878 నాటి విక్టోరియా రూపాయిని ఇలా తూచాను. గాలిలో 11.38 గ్రాములు, నీళ్ళలో తగ్గినది 1.11. భాగిస్తే 10.25. అరిగిపోయి బరువు తగ్గినా సాంద్రత తగ్గలేదు చూడండి. వెండి మంచిదే. నాణెం చుట్టూ గాలిబుడగలు అంటుకోకుండా చూసుకోవాలి. ఏజెన్సీ నుంచి సంతకు వచ్చే గిరిజన స్త్రీల మెడల్లో దండలుగా ఉండే రూపాయలకు ఈ పద్ధతి కుదరదు. కొలికి అతికించిన లోహం లెక్కను చెడగొడుతుంది.

కాని త్రాసు లిపి చదవలేదు. ఇక్కడ బయటి చదువు మొదలవుతుంది. 1862 అని ఉన్న రూపాయలన్నీ 1862లో కొట్టినవి కావు. 1874 దాకా అదే సంవత్సరం వేసి, చుక్కల లెక్కతో అసలు ఏడు గుర్తు పెట్టుకున్నారు. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. పది బిళ్ళలు పక్కపక్కన పెట్టుకుని భూతద్దంలో చూసినవాడికే తెలుస్తుంది. మన కళింగ దేశపు గాంగరాజుల చిన్న బంగారు నాణేలు, వాటినే ఫణాలు అంటారు, బరువు అర గ్రాము లోపు. ఒకవైపు పడుకున్న నంది, రెండోవైపు రాజ్య సంవత్సరం అంకె. ఆ కళింగంలోనే అంక సంవత్సరాల లెక్క ఒకటి ఉండేది. అందులో 1 ఉండదు, 6 ఉండదు, 16, 20, 26 ఉండవు. కనుక అంకె కనబడగానే సరిపోదు, అది ఏ లెక్కలోని అంకె అని అడగాలి. ఆ అడగడం చరిత్ర లెక్చరరు దగ్గర నేర్చుకోవలసిందే.

మనకు మరీ దగ్గరి సంగతి ఇంకొకటి. 1794లోనూ 1797లోనూ మన ఉత్తర సర్కారుల కోసం కంపెనీ రాగి నాణేలు కొట్టించింది. కొట్టింది మన దేశంలో కాదు, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, ఆవిరి యంత్రాల మీద. "రూపాయికి 48" అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. అలాంటి రాగి బిళ్ళనే మనవాళ్ళు డబ్బు అనేవారు. ఇవాళ జేబులో ఏమున్నా డబ్బే అంటున్నాం.

బయటి చదువులో గోతులు కూడా ఉన్నాయి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళకు లక్షలిస్తామని సెల్‌ఫోన్లలో ప్రకటనలు వస్తుంటాయి. ముందు "రిజిస్ట్రేషన్ ఫీజు" కట్టమంటారు. మా పక్క ఊరి కుర్రాడొకడు మిరపకాయలమ్మిన సొమ్ములో నాలుగువేలు అలా కట్టాడు. తరవాత ఆ నంబరు పలకలేదు. రిజర్వు బ్యాంకు 2021లోనే ఇలాంటి వాటి గురించి హెచ్చరించింది. ఒంటరిగా నేర్చుకునేవాడికి "ఇది అబద్ధంరా" అని చెప్పే తోడు ఉండడు. కాలేజీ వల్ల పెద్ద లాభం నా దృష్టిలో అదే. పాఠం కన్నా, అడగడానికి ఒక మనిషి.

అన్నిటికన్నా నన్ను కలచివేసే సంగతి వేరు. చాలా ఏళ్ళ కిందట మా మేనమామ గారి ఊళ్ళో నుయ్యి తవ్వుతుంటే ఒక కుండ బయటపడిందట. నిండా పచ్చగా కిలుంపట్టిన రాగి బిళ్ళలు. పోలీసులొస్తే పొలం పోతుందని భయపడి, రాత్రికి రాత్రి కంచరి వాడికి తూకానికి ఇచ్చేశారు. అవి ఎవరివో ఇక ఎవరూ చెప్పలేరు. అనకాపల్లి దగ్గర శంకరం కొండ మీద అలెగ్జాండర్ రే దొర 1906 ప్రాంతంలో తవ్వినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం దగ్గరనుంచి తూర్పు చాళుక్యుల నాణేల దాకా దొరికాయి. అవి ఏ కొండ మీద, వేటితో కలిసి దొరికాయో రాసి ఉంది కనుకే ఆ బౌద్ధారామం ఎన్ని వందల ఏళ్ళు నడిచిందో ఊహించగలుగుతున్నాం. మా మామయ్య ఊరి కుండ కూడా అలాంటిదే అయి ఉండవచ్చు.

ఆ భయానికి మందు చట్టంలోనే ఉంది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన విలువ గలది దొరికితే కలెక్టరుకు తెలపాలి. దాచితే జైలు, జరిమానా ఉన్నాయి, నిజమే. కాని పొలం లాక్కోమని ఎక్కడా లేదు. సొంతదారు ఎవరూ తేలకపోతే దొరికించుకున్నవాడికి మూడు పాళ్ళు, భూమి యజమానికి ఒక పాలు. ప్రభుత్వమే తీసుకుంటే లోహం విలువ మీద అయిదో వంతు కలిపి ఇవ్వాలి. ఈ నాలుగు ముక్కలు బడిలో ఎవరూ చెప్పలేదు, సంతలోనూ ఎవరూ చెప్పలేదు. చట్టం పుస్తకం తెరిచి చదివితే తెలిసింది. మా అయ్యకు చదివి వినిపించాను. కాసేపు ఊరుకుని, "ఆ మాట ఆవేళ ఎవరైనా చెప్పుంటే..." అని ఆగిపోయాడు. మార్కుల మాట మళ్ళీ ఎత్తలేదు.

మిత్రులు, అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు ఎవరి ఇంట్లోనైనా పాత బిళ్ళలు ఉంటే ఒక్క మనవి. చింతపండు పెట్టి తోమకండి. పై పొర పోతే అక్షరాలు కూడా పోతాయి. బిళ్ళను అంచుల దగ్గర పట్టుకుని, మెత్తని గుడ్డలో చుట్టి, ఎక్కడ దొరికిందో, ఎవరిచ్చారో చీటీ రాసి పెట్టండి. శనివారం ప్రాక్టికల్స్ అయ్యాక ల్యాబులో త్రాసు ఖాళీగానే ఉంటుంది. అటెండరు గారితో మాట్లాడి ఉంచాను.