పాడి పాఠం : ఎర్ర రక్తకణాల లెక్క ఏమి చెబుతుంది?



గేదె ఈని పదిహేను రోజులయింది. నిన్నటి దాకా బాగానే పాలిచ్చింది. ఈ ఉదయం మేత ముట్టలేదు. పాలు సగానికి పడిపోయాయి. మూత్రం కాఫీ డికాక్షను రంగులో వస్తున్నది. కంటి రెప్ప తిప్పి చూస్తే లోపలి పొర తెల్లగా పాలిపోయి ఉన్నది. ఇటువంటప్పుడు "రక్తం తగ్గింది, ఇనుము ఇంజక్షను వేయించండి" అని సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు. రక్తం తగ్గిన మాట నిజమే. కాని ఎందుకు తగ్గిందో తెలియకుండా చేసిన వైద్యం వలన విలువైన సమయం వృథా అవుతుంది, ఒక్కొక్కసారి పశువే దక్కదు. అందుచేత రక్తం ఎలా తయారవుతుందో, దాని లెక్కను ఎలా అర్థం చేసుకోవాలో ప్రతి సభ్యుడూ కొంత తెలుసుకోవడం అవసరం.

కణం పుట్టుక

రక్తానికి ఎరుపు రంగు ఇచ్చేవి ఎర్ర రక్తకణాలు. వాటిలోని హిమోగ్లోబిన్ ఊపిరితిత్తులలో ప్రాణవాయువును పట్టుకొని శరీరమంతటికీ, పొదుగుకు కూడా, చేరవేస్తుంది. ఈ కణాలు ఎముకల లోపలి మూలుగలో పుడతాయి. పెరిగిన పశువులో ముఖ్యంగా ప్రక్కటెముకలు, రొమ్ము ఎముక, వెన్నెముక, తుంటి ఎముకలలో ఈ పని జరుగుతుంది.

మూలుగలో మొదట పెద్ద తల్లికణం ఉంటుంది. అది రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీలుతూ పోతుంది. ఒక్కొక్క చీలికతో కణం చిన్నదై, లోపల హిమోగ్లోబిన్ నిండుతుంది. చివరకు కణం తన కేంద్రకాన్ని బయటకు నెట్టివేసి, పూర్తిగా ముదిరిన తరువాత రక్తంలోకి వస్తుంది. ప్రాణవాయువు చాలనప్పుడు మూత్రపిండాలు ఒక హార్మోనును విడుదల చేసి మూలుగను తొందర పెడతాయి. అయితే ఆ కొత్త పంట రక్తంలో కనబడడానికి మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది.

ఈ పనికి ఇనుము ఒక్కటే చాలదు. మాంసకృత్తులు, రాగి, కోబాల్టు కూడా కావాలి. కోబాల్టు ఉంటేనే పశువు మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు బి12 విటమిను తయారు చేయగలవు.

పశువుల ఎర్రకణం సుమారు 5 నెలలు బ్రతుకుతుంది. ముసలిదైన కణాన్ని ప్లీహం, కాలేయం ఏరివేసి, అందులోని ఇనుమును మళ్ళీ మూలుగకు పంపుతాయి. 400 కిలోల గేదెలో సుమారు 28 లీటర్ల రక్తం ఉంటుంది. లెక్క కట్టి చూస్తే దాని మూలుగ ప్రతి సెకనుకు కోటికి పైగా కణాలను తయారు చేయాలి!

రిపోర్టులోని అంకెలు

ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఆవులో ఉండవలసిన లెక్కలు ఇవి. గేదెకు కూడా దాదాపు ఇవే హద్దులు.

ఎర్రకణాలు : ఒక ఘనపు మిల్లీమీటరుకు 50 లక్షల నుంచి 1 కోటి వరకు.
హిమోగ్లోబిన్ : 100 మిల్లీలీటర్లకు 8 నుంచి 15 గ్రాములు.
పి.సి.వి. (రక్తంలో కణాలు ఆక్రమించే భాగం) : 24 నుంచి 46 శాతం.

ఈ అంకెలను మనుష్యుల రిపోర్టుతో పోల్చరాదు. పశువు కణం మన కణం కంటె చిన్నది. మనిషికి 9 గ్రాముల హిమోగ్లోబిన్ అంటే రక్తహీనత. ఆవుకు అది హద్దులోనే ఉన్నట్టు. మరొక గుర్తు : పి.సి.వి. సాధారణంగా హిమోగ్లోబిన్‌కు మూడు రెట్లుంటుంది. చాలా తేడాగా ఉంటే మళ్ళీ పరీక్ష చేయించమని అడగవచ్చు.

లెక్క తగ్గడానికి మూడు దారులు

ఊరి చెరువులో నీటిమట్టం తగ్గిందంటే వాగు రాలేదా, గట్టుకు గండి పడిందా అని చూస్తాము. మట్టం ఒక్కటే చూస్తే కారణం తెలియదు. రక్తం సంగతీ అంతే.

1. తయారీ తగ్గడం : మేతలో మాంసకృత్తులు, ఖనిజ లవణాలు కొరవడినప్పుడు ఇలా జరుగుతుంది. పాలలో ఇనుము చాలా తక్కువ కాబట్టి, చాలా కాలం పాల మీదనే పెరిగే దూడలు పాలిపోతాయి.

2. రక్తం బయటకు పోవడం : పిడుదులు, రక్తం పీల్చే నట్టలు, కార్జంలో చేరే జలగలు దీనికి కారణం. నత్తలున్న చెరువు గట్ల మీద మేసే గేదెకు దవడ క్రింద నీరు చేరితే కార్జపు జలగలను అనుమానించాలి.

3. కణాలు నాశనమవడం : ఇది అన్నిటికంటె వేగమైనది. పిడుదుల ద్వారా వచ్చే బెబీసియా క్రిములు కణాలను రక్తనాళాలలోనే పగులగొడతాయి. అందువలన తీవ్ర జ్వరం, ఎర్రని మూత్రం కనబడతాయి. ఈ రోగాన్ని పిడుదులే చేరవేస్తాయని 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ రుజువు చేశారు. అనాప్లాస్మా సోకితే దెబ్బతిన్న కణాలను ప్లీహం మింగివేస్తుంది. అందుచేత మూత్రం ఎర్రబడదు, పశువు మాత్రం పాలిపోయి, పచ్చబడుతుంది. అప్పుడు ఇనుము శరీరంలోనే ఉంటుంది కనుక ఇనుము ఇంజక్షనుతో ఒరిగేది లేదు. సంకర జాతి ఆవులలో జ్వరంతోబాటు జబ్బ ముందరి గ్రంథులు వాస్తే థైలేరియాసిస్‌ను అనుమానించాలి.

మొదట చెప్పుకున్న గేదె

ఈనిన కొత్తలో, లేదా నిండు చూడితో ఉన్నప్పుడు, జ్వరం లేకుండా మూత్రం కాఫీ రంగులో వస్తే అది భాస్వరం లోపం కావచ్చు. భాస్వరం తగ్గితే ఎర్రకణానికి శక్తి చాలక దాని పొర పెళుసై పగిలిపోతుంది. దీనికి డాక్టరు నరం ద్వారా భాస్వర లవణం ఎక్కిస్తారు. రక్తం మరీ తగ్గితే మరొక పశువు రక్తం కూడా ఎక్కించవలసి వస్తుంది. వట్టి వరిగడ్డి మీద ఉంచిన పశువుకు ఈ ప్రమాదం ఎక్కువ. తవుడు, దాణాలతోబాటు రోజుకు కనీసం 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం పెట్టడం మంచిది.

ఇంటి వద్ద ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. మూత్రాన్ని గాజు సీసాలో పట్టి కదపకుండా ఉంచండి. ఎరుపు అడుగుకు దిగి పైన తేటపడితే మూత్రనాళంలో రక్తం కారుతున్నట్టు. అంతా ఒకే రంగుగా నిలిచి ఉంటే కణాలు పగిలినట్టు. ఆ సీసాను డాక్టరుకు చూపించండి.

లెక్క మోసగించే సందర్భాలు

పారుడు వలన ఒంట్లో నీరు తగ్గిన పశువు రక్తం చిక్కబడి, లెక్క ఉన్నదానికంటె ఎక్కువగా కనబడుతుంది. బెదిరిన పశువులో ప్లీహం ముడుచుకొని తన నిల్వ కణాలను రక్తంలోకి వదులుతుంది. అప్పుడూ అంతే. గాయమై రక్తం పోయిన మొదటి గంటలలో కణాలూ నీరూ కలిసే పోతాయి కాబట్టి లెక్క మామూలుగానే ఉంటుంది. అందుచేత మూడు నుంచి అయిదు రోజుల తరువాత మళ్ళీ చేసిన పరీక్షకే విలువ ఎక్కువ. మూలుగ కోలుకుంటే లెక్క పెరగడం అప్పుడే కనబడుతుంది.

గుర్తుంచుకోవలసినవి

వారానికొకసారి కంటి రెప్ప లోపలి పొర, మానం లోపలి పొర చూడండి. లేత గులాబి రంగు మంచిది. తెలుపు, పసుపు ప్రమాద సూచనలు.

ఏ మందూ వేయకముందే రక్తం నమూనా, చెవి కొన రక్తంతో గాజు పలక మీద పూత తీయించండి. మందు పడిన తరువాత క్రిములు కనబడకపోవచ్చు.

పాలిపోయిన పశువును ఎండలో దూరం నడిపించవద్దు. డాక్టరునే పశువు వద్దకు పిలిపించండి.

పశువుతోబాటు కొట్టంలోని గోడల పగుళ్ళలో కూడా పిడుదులను నిర్మూలించండి.

చికిత్స జరిగిన పశువు పాలను డాక్టరు చెప్పిన గడువు తీరేవరకు సంఘానికి పోయరాదు. పది ఇళ్ళ పాలు ఒకే క్యానులో కలుస్తాయని మరువకండి.

అంకె చూసి మందు వేయడం కాదు, కారణం చూసి వేయాలి. అప్పుడే పశువు, పాడి రెండూ దక్కుతాయి.