విశాఖలో ఒక రోజు

విశాఖపట్టణమనగానే ఓడరేవు, ఉక్కు కర్మాగారం గుర్తుకు వస్తాయి. కాని ఈ నగర పరిసరాలలోని కొండలు సుమారు రెండు వేల సంవత్సరాల చరిత్రకు సాక్షులు. వాటిని ఒక్క రోజులో దర్శించదలచినవారు దేనిని విడిచిపెట్టాలో ముందుగా నిర్ణయించుకోవాలి.

అనకాపల్లి సమీపంలోని బొజ్జన్నకొండ బౌద్ధ గుహలు చూడదగినవే. అయితే అవి నగరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరాన ఒక దిక్కున ఉండగా, తొట్లకొండ భీమిలి దారిలో మరొక దిక్కున ఉన్నది. రెండింటికీ పూనుకుంటే కాలమంతా ప్రయాణానికే సరిపోతుంది. కనుక బొజ్జన్నకొండను మరొక రోజుకు ఉంచుకోవడం వివేకం.

ఉదయపు చల్లని వేళ సింహాచలం చేరాలి. వరాహ లక్ష్మీనృసింహస్వామి నిజరూప దర్శనం ఏటా వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే లభిస్తుంది. ఆనాడు జనసమ్మర్దం అధికం. శిల్పసంపదను తీరికగా తిలకించగోరేవారు వేరొక దినాన్ని ఎంచుకోవాలి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు ఈ స్వామిని సేవించినట్లు ఇచటి శాసనం తెలుపుతున్నది.

మధ్యాహ్నం ఎండ తగ్గిన పిదప తొట్లకొండకు వెళ్ళాలి. వాననీటిని నిలుపుకొనుటకు భిక్షువులు రాతిలో తొలిపించిన తొట్ల వలననే దీనికా పేరు వచ్చింది. 1988–1993 మధ్య జరిగిన తవ్వకాలలో స్తూపాలు, విహారాలతోపాటు రోమన్ నాణేలు కూడ బయల్పడ్డాయి. నేటి ఓడరేవుకు ఎంతో పూర్వమే ఈ తీరానికి సముద్ర వర్తకంతో సంబంధమున్నదని అవి చాటుతున్నాయి.

2019 అక్టోబరులో భారీ వర్షాలకు ఇచటి మహాస్తూపంలో కొంత భాగం కూలిపోయింది. వానకే చెదరిన ఆ ఇటుకలపై కాలు మోపకుండుట ప్రతి యాత్రికుని కనీస ధర్మం.