ఓరుగల్లు ముట్టడి - శ్రీరంగనాథుని తిరుమల వాసము

తిరుమల కోవెలలో మహాద్వారము దాటిన యాత్రికునకు దక్షిణ దిక్కున విశాలమైన రంగనాయకుల మండపము కానవచ్చును. శ్రీనివాసుని సన్నిధిలో శ్రీరంగనాథుని పేర మండప మేల? శ్రీరంగమునందలి ఉత్సవమూర్తియగు నంబెరుమాళ్ళు కల్లోల దినములలో ఇచ్చట వేంచేసియుండి ఆరాధనలు గైకొనెనని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. స్వామి కావేరీతీరమును విడువవలసివచ్చిన కారణమును వెదకుచు పోయినచో, తెలుగునేల నడుమనున్న ఓరుగల్లు కోటకు చేరవలసియుండును.

సికింద్రాబాదు, బొల్లారము పరిసరముల గృహస్థులకు ఓరుగల్లు రైలుమార్గమున సుమారు 140 కిలోమీటర్ల దూరమే. పోయినవారు సాధారణముగా హనుమకొండలోని వేయిస్తంభముల గుడిని దర్శించి మరలివత్తురు. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన ఆ త్రికూటాలయమున శివునితోపాటు వాసుదేవునకును, సూర్యునకును గర్భగృహము లేర్పడినవి. శైవులని ప్రసిద్ధికెక్కిన రాజుల యేలుబడిలో విష్ణ్వారాధనకు ఎట్టి స్థానముండెనో దీనివలన తెలియును. అంతదూరము పోయినవారు కోటను గూడ చూడవలెను.

గణపతిదేవుడు ఆరంభింపగా రుద్రమదేవి ముగించిన రాతికోట లోపలిది. దానిని చుట్టి మట్టికోట, రెండింటికిని అగడ్తలు. మట్టిగోడయే కదా యని తేలికగా తలపరాదు. ఈటె దిగనంత, యంత్రములు విసరిన రాళ్ళు తగిలి వెనుకకు చిందునంత గట్టిదని ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రూ ఆశ్చర్యముతో వ్రాసెను. శత్రుపక్షమువాని సాక్ష్యము గనుక దీనికి విలువ హెచ్చు. అయినను 1310లో మాలిక్ కాఫూర్ ఆ వెలుపలి గోడను స్వాధీనము చేసికొనగా, ప్రతాపరుద్రుడు ఏనుగులను, గుఱ్ఱములను, ధనమును ఇచ్చి సంధి చేసికొనెను.

తరువాత ఢిల్లీలో రాజ్యము మారి, 1320లో ఘియాజుద్దీన్ తుగ్లక్ సింహాసన మెక్కెను. ఓరుగల్లునుండి కప్పము నిలిచిపోయెను. మరుసటి సంవత్సరము సుల్తాను కుమారుడు ఉలుగ్‌ఖాన్, అనగా పిమ్మట మహమ్మదు బిన్ తుగ్లక్ అని పేరొందినవాడు, దండెత్తివచ్చి కోటను ముట్టడించెను. కోట లొంగనున్న సమయమున ఢిల్లీనుండి వార్తాహరుల రాక ఆగిపోయెను. సుల్తాను మరణించెనని పుకారు పుట్టెను. సేనానులు ఒకరినొకరు శంకించి చెల్లాచెదరైరి. ఉలుగ్‌ఖాన్ దేవగిరికి మరలిపోయెను.

ఓరుగల్లు చరిత్రలో మిక్కిలి బాధ కలిగించు ఘట్ట మిచ్చటనే యున్నది. శత్రువు పోయెను, ఇక రాడు అని ప్రతాపరుద్రుడు విశ్వసించెను. విజయోత్సవములు జరిపించి, కోటలోని ధాన్యాగారములు తెరపించి ప్రజలకు సంతర్పణలు గావించెనని చరిత్రకారులు చెప్పుదురు. అన్నదానము మహాపుణ్యము, దానిని తప్పుపట్టువారెవరు? కాని ముట్టడికై నిలువచేసిన గింజలు వేరు, పండుగకై కొలిచిన గింజలు వేరు. ఖాళీయైన కొట్లు మరల నిండకమునుపే, 1323లో, క్రొత్తసేనలతో ఉలుగ్‌ఖాన్ తిరిగివచ్చెను. ఈసారి దారిలోనున్న బీదరు, బోధను కోటలను ముందుగా పట్టుకొని వెనుకనుండి భయము లేకుండ చేసికొనెను. వార్తల త్రోవ తెగుటవలన ఒకసారి చెడినవాడు ఆ పాఠమును మరువలేదు. లోపలివారు సుమారు అయిదు మాసములు నిలిచిరి. గోడలు నిలిచియుండగనే తిండి కఱవై కోట లొంగెను.

ఓరుగల్లునకు సుల్తాన్‌పూర్ అని పేరు మారెను. కోట నడుమనున్న స్వయంభూదేవుని ఆలయము నేలమట్ట మయ్యెను. దాని నాలుగు దిక్కుల కీర్తితోరణములు మాత్రము నేటికిని నిలిచియున్నవి. ఢిల్లీకి బందీగా కొనిపోబడుచున్న ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున తనువు చాలించెనని ప్రోలయనాయకుని విలస శాసనము తెలుపుచున్నది. అనితల్లి 1423 నాటి కలువచేరు శాసనమునుబట్టి ఆ మరణము స్వేచ్ఛామరణమేమో యని తోచును.

ఓరుగల్లు ఉన్నంతకాలము దక్షిణమునకు వచ్చు ఢిల్లీ సేనకు అదియొక పెద్ద అడ్డుగోడ. అది కూలగానే సేనలు తమిళదేశమునకు దిగినవి. కావేరీతీరమున ఆ వార్త వినినంతనే పిళ్ళైలోకాచార్యులు, వయోవృద్ధులయ్యును, నంబెరుమాళ్ళను వెంటగొని శ్రీరంగము విడిచిరి. మూలమూర్తికి అడ్డముగ గోడ కట్టిరి. లోకాచార్యులు మధురకు చేరువనున్న జ్యోతిష్కుడిలోనే పరమపదించిరి. సుదర్శనసూరి తమ శ్రుతప్రకాశికను, ఇద్దరు కుమారులను వేదాంతదేశికులకు అప్పగింపగా, దేశికులు ఆ గ్రంథమును కాపాడి కర్ణాటదేశమునకు చేరిరి. స్వామి మాత్రము కేరళము, తిరునారాయణపురము మొదలగు చోట్ల సంచరించి, తుదకు వేంకటాద్రి నెక్కెను. అర్చకులకు తావు నిశ్చయము లేదు. మరునాటి నైవేద్యమునకు బియ్యమెచ్చటనో తెలియదు.

తెలుగునాట ముసునూరి ప్రోలయనాయకుడు పోరు సాగింపగా, అతని పిదప కాపయనాయకుడు 1336 ప్రాంతమున ఓరుగల్లును మరల స్వతంత్రము చేసెను. శ్రీరంగమునకు ఆ భాగ్యము విజయనగర కాలమునగాని కలుగలేదు. కంపరాయల కొలువులోని గోపణార్యుడు తిరుమలనుండి నంబెరుమాళ్ళను సెంజికి వేంచేపుచేసి, కొంతకాలము అర్చించి, శక సంవత్సరము 1293, అనగా 1371లో, ఉభయ నాచ్చియార్లతో శ్రీరంగమున పునఃప్రతిష్ఠ గావించెను. ఆ వృత్తాంతమును తెలుపు శ్లోకములు శ్రీరంగాలయపు గోడపై చెక్కబడియున్నవి. స్వామి వెడలిన నాటికి పసివారైనవారు తిరిగివచ్చిన నాటికి ఏబదియేండ్ల ప్రాయమునకు చేరువైయుండిరి.