ఆహారం మారిస్తే నోటి దుర్వాసన పోతుందా?

నోటి దుర్వాసన ఉన్నవారు నలుగురిలో మాట్లాడటానికే జంకుతారు. మాంసం, గుడ్లు, పాలు అన్నీ మానేస్తే వాసన పోతుందని కొందరు నమ్ముతారు. ఇది ఎంతవరకు నిజమో పరిశీలిద్దాం.

దుర్వాసన చాలావరకు నోటిలోనే పుడుతుంది. నాలుక వెనుక భాగంలో, పళ్ళ సందుల్లో ఉండే బాక్టీరియా మాంసకృత్తులను విచ్ఛిన్నం చేసి, హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి వాయువులను విడుదల చేస్తాయి. పేరు మాంసకృత్తులే అయినా అవి పప్పుల్లోనూ, మన లాలాజలంలోనూ ఉంటాయి. కాబట్టి ఆహారం మార్చడం ఒక్కటే చాలదు. పైగా, పాలు కూడా మానేసినవారు విటమిన్ బి12 విడిగా తీసుకోవాలి.

రోజూ రెండుసార్లు పళ్ళు తోముకోండి. నాలుక గీసుకోండి. అయినా తగ్గకపోతే సిగ్గుపడక దంతవైద్యునికి చూపించండి. చిగుళ్ళ వ్యాధికి చికిత్సే మార్గం.

పాఠ్యగత ప్రశ్న: పప్పన్నం తినేవారికీ నోటి దుర్వాసన ఎందుకు రావచ్చు?