వేసవి శిబిరానికి సంచి సర్దేముందు శరీరాన్ని సిద్ధం చేయండి



ఏప్రిల్ నాలుగో వారంలో బడులకు సెలవులు ఇవ్వగానే మన మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, మియాపూర్ ఇళ్ళలో యువజన శిబిరాల మాటలు మొదలవుతాయి. మూడు రోజులో, వారం రోజులో మొయినాబాద్, చేవెళ్ళ, వికారాబాద్ వైపు తోటల్లో పిల్లలందరూ కలిసి ఉంటారు. తల్లులు దుప్పటి, టార్చిలైటు, సబ్బు, దోమల మందు అన్నీ మరచిపోకుండా సర్దుతారు. కాని సిద్ధం చేయవలసినది ఇంకొకటి ఉంది. అది పిల్లల శరీరం. దానికి రెండు వారాలు పడుతుంది. ఈ నెల పాఠం దాని గురించే.

మనకు ఈ జాగ్రత్త ఎందుకు?

వేసవి శిబిరం అనే పద్ధతి చల్లని దేశాల నుంచి వచ్చింది. 1907 ఆగస్టులో బేడెన్ పావెల్ గారు ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో 20 మంది అబ్బాయిలతో శిబిరం నడిపారు. స్కౌటు ఉద్యమానికి అది నాంది. అక్కడ వేసవి అంటే ఆరుబయట హాయిగా తిరిగే కాలం. మన మే నెల అలాంటిది కాదు. హైదరాబాదులో 1966 జూన్ 2న 45.5 డిగ్రీల ఎండ నమోదైంది. 2015 మే నెల వడగాడ్పులకు తెలుగు రాష్ట్రాలు రెండింటిలో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు.

దీనికి తోడు, 1998లో సైబర్ టవర్స్ వచ్చిన తరువాత మన ప్రాంతపు జీవితం మారిపోయింది. ఇంట్లో ఏసీ, కారులో ఏసీ, ట్యూషన్‌లో ఏసీ. చెమట పట్టడమే తెలియకుండా పెరుగుతున్న పిల్లలు చాలామంది ఉన్నారు. అలాంటి బిడ్డను ఒక్కసారిగా మైదానంలో నిలబెడితే శరీరం తట్టుకోలేదు.

శరీరం ఎండకు ఎలా అలవాటుపడుతుంది?

చెమట పట్టి ఆరేటప్పుడు ఒంటిలోని వేడిని తీసుకుపోతుంది. రోజూ కొంతసేపు వేడిలో ఆడుతూ ఉంటే వారం నుంచి రెండు వారాల్లో శరీరంలో మూడు మార్పులు వస్తాయి. చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది. చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది. అదే ఆట ఆడినా గుండె మునుపటంత వేగంగా కొట్టుకోదు. ఏసీ గదిలో కూర్చుంటే ఈ మార్పులు రావు. అందుకే శిబిరంలో మొదటి రెండు మూడు రోజులే ఎక్కువ ప్రమాదం.

ఇంట్లో రెండు వారాల సాధన

1 నుంచి 4 రోజులు: ఉదయం 7 గంటలకు గాని, సాయంత్రం 5 దాటాక గాని 20 నిమిషాల నడక.

5 నుంచి 9 రోజులు: 40 నిమిషాలు. నడకతోపాటు సైకిలు, షటిల్.

10 నుంచి 14 రోజులు: గంటసేపు ఆట, మధ్యమధ్య నీడలో విశ్రాంతి.

మిట్టమధ్యాహ్నం మాత్రం ఎవరినీ పంపకండి. రాత్రి ఏసీని 26, 27 డిగ్రీల దగ్గర ఉంచి ఫ్యాను వేయండి. జ్వరం, విరేచనాలు వస్తే సాధన ఆపండి. పూర్తిగా తగ్గేవరకు శిబిరానికి కూడా పంపవద్దు. లావుగా ఉన్న పిల్లలను, ఎప్పుడూ ఆటలాడని పిల్లలను ఇంకా నెమ్మదిగా అలవాటు చేయాలి.

నీళ్ళు, ఓ.ఆర్.ఎస్.

దాహం వేసేదాకా ఆగకూడదు. ఆటలో ప్రతి 20 నిమిషాలకు ఒక గ్లాసు తాగాలి. మూత్రం లేత పసుపుగా ఉంటే నీళ్ళు సరిపోతున్నట్లు. ముదురు రంగులో వస్తే చాలడం లేదని అర్థం. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు, రాగి అంబలి మన ఇంటి మందులే.

ఓ.ఆర్.ఎస్. పొడి కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసినదని ప్యాకెట్టు మీద ఉందో లేదో చూడండి. పేరులో ఆ అక్షరాలు ఉన్నంతమాత్రాన ఓ.ఆర్.ఎస్. కాదు. చక్కెర ఎక్కువైన పానీయం విరేచనాలను పెంచుతుంది. ఈ విషయమై మన హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ, సూత్రానికి సరిపడని పానీయాల పేర్లలో ఓ.ఆర్.ఎస్. అని వాడరాదని ఆదేశించింది. లీటరు ప్యాకెట్టును పూర్తిగా లీటరు నీళ్ళలోనే కలపాలి, గ్లాసులో కాదు. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి.

మందుల సంచి

ఆస్తమా ఉంటే ఇన్‌హేలరు బిడ్డ దగ్గరే ఉండాలి, ఎండలో పెట్టకూడదు. ఇన్సులిన్ వాడే బిడ్డకు ఫ్రిజ్ లేనిచోట మట్టికుండ ఏర్పాటు అడగండి. ఎండకు, ఆటకు షుగర్ పడిపోవచ్చు, కాబట్టి గ్లూకోజు దగ్గర ఉంచండి. నిద్ర తెప్పించే అలర్జీ మాత్రలు కొన్ని చెమటను తగ్గిస్తాయి. మానసిక వైద్యుడు రాసిన మందులలోనూ అలాంటివి ఉన్నాయి. మీ అంతట మీరు ఆపవద్దు, డాక్టరును అడగండి. జబ్బు, మందు, మోతాదు, ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి నాయకులకు ఇవ్వండి. నలుగురికీ తెలుస్తుందని సిగ్గుపడి దాచవద్దు.

శిబిరంలో దినచర్య

బాధ్యులను ముందే అడగండి. ఆటలు ఉదయం 9 లోపల, సాయంత్రం 5 తరువాత పెట్టాలి. 11 నుంచి 4 వరకు పాటలు, పాఠాలు, చేతిపనులు, నిద్ర నీడపట్టున జరగాలి. మొదటి రోజు పోటీలు వద్దు. ఎవరైనా చాలించుకుంటానంటే ఎగతాళి చేయకూడదు. యౌవనంలో పిల్లలు స్నేహితుల ముందు ఓడిపోలేక ఓపికకు మించి ఆడతారు.

ప్రమాద సూచనలు

పిక్కలు పట్టేయడం, తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం మొదటి సూచనలు. ఆట ఆపి, నీడలో పడుకోబెట్టి, కాళ్ళు కొంచెం ఎత్తులో ఉంచి ఓ.ఆర్.ఎస్. తాగించండి.

తికమకగా మాట్లాడినా, తూలినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. చెమట పడుతూ ఉన్నా వడదెబ్బ కావచ్చు. వెంటనే 108కి ఫోను చేయండి. 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైన సేవ అది. అంబులెన్సు వచ్చేదాకా చూస్తూ కూర్చోవద్దు. బట్టలు వదులు చేసి ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోస్తూ విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు గుడ్డలు పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి. ఈ వేడికి పారాసెటమాల్ పనిచేయదు.

ఒక మే నెలలో 14 ఏళ్ళ అబ్బాయిని మా ఎమర్జెన్సీకి తెచ్చారు. శిబిరం మొదటి రోజే పొద్దెక్కేదాకా క్రికెట్ ఆడి మతితప్పి మాట్లాడాడట. వాడి స్నేహితులు బోరు దగ్గరకు మోసుకెళ్ళి పావుగంటసేపు నీళ్ళు పోశాకే బండి ఎక్కించారు. వాడు నాలుగో రోజు నడిచి ఇంటికి వెళ్ళాడు. వాడిని కాపాడింది మొదట ఆ నీళ్ళే, తరువాతే మా సెలైన్. ముందు చల్లబరచండి, తరువాత తరలించండి.

ఇంట్లో కలిసి మాట్లాడుకోండి

1. శిబిరం ఏ తేదీన? సాధన ఏ రోజు మొదలుపెట్టాలి?

2. మన బిడ్డ రోజూ ఎంతసేపు ఏసీ బయట ఉంటున్నాడు?

3. స్నేహితుడు తూలుతూ మాట్లాడితే మొదట ఏం చేయాలి? పిల్లల చేతనే చెప్పించండి.

మూడో ప్రశ్నకు మీ బిడ్డ తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే, శిబిరానికి సగం సిద్ధమైనట్లే. మిగతా సగం ఆ పద్నాలుగు రోజుల నడక.