రికార్డింగులను ఫోన్‌లోనే ఉంచెయ్యకు

తార్నాక

చిరంజీవి చిన్నారికి,

సిద్దిపేట వైపు ఊళ్లు తిరిగి రైతుల మాటలు రికార్డు చేసుకొస్తున్నావని అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! నువ్వు చదివే ఉస్మానియా భాషాశాస్త్ర శాఖను నిలబెట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఇదే దారిలో రైతుల పదాలు సేకరించి, 1962లో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం తెచ్చారు. అచ్చయ్యాయి కనకే ఆ పదాలు నీదాకా వచ్చాయి. నువ్వు తెచ్చినవి మాత్రం ఇంకా ఒక్క ఫోన్‌లోనే ఉన్నాయి. బస్సులో ఆ ఫోన్ పోతే ఆ రైతుల్ని మళ్లీ కూర్చోబెట్టి అవే మాటలు చెప్పించగలవా?

ఒక్కో ఫైలూ వాట్సాప్‌లో నీకు నువ్వే పంపుకుంటున్నావట. మానెయ్ బిడ్డా. అలా పంపితే ఫొటోలైతే నాణ్యత తగ్గుతుంది, తీసిన తేదీ చెరిగిపోతుంది, ఏది వచ్చిందో ఏది రాలేదో లెక్క తేలదు. కేబుల్ పెట్టి, టెర్మినల్‌లోంచి నువ్వే తెచ్చుకో.

ఫోన్ పెన్‌డ్రైవ్‌లా ఎందుకు కనబడదని అడిగావు. పాత ఆండ్రాయిడ్ ఫోన్లు అలాగే కనబడేవి. అయితే కంప్యూటర్ మెమరీ కార్డును పూర్తిగా తన చేతిలోకి తీసుకునేది, అంతసేపూ ఫోన్‌కు ఆ కార్డు అందేది కాదు. అందుకని 2011 ప్రాంతంలో ఎంటీపీ పద్ధతికి మారారు. ఇది లైబ్రరీ కౌంటర్ లాంటిది: అల్మారా దగ్గరికి నిన్ను పోనివ్వరు, చీటీ రాసిస్తే పుస్తకం తెచ్చిస్తారు. కనక ఫోన్‌లో ఉన్న ఫైలును అక్కడికక్కడే తెరిచి ఎడిట్ చెయ్యబోకు. ముందు లాప్‌టాప్‌లోకి తెచ్చుకో.

కేబుల్ పెట్టగానే ఫోన్ ఛార్జింగ్ మాత్రమే తీసుకుంటుంది. లాక్ తీసి, నోటిఫికేషన్‌లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ నొక్కు. అప్పటికీ కదలకపోతే కేబుల్ మార్చి చూడు, ఛార్జింగ్‌కే తప్ప డేటాకు తీగలే లేని కేబుళ్లు బజారులో బోలెడు.

నీ ఉబుంటులో ఫైల్స్ కిటికీ తెరిచి ఒకసారి ఫోన్ పేరు మీద నొక్కితే అది మౌంట్ అవుతుంది. ఎక్కడ అవుతుందన్నదే చాలామందికి అంతుపట్టదు. రన్ ఫోల్డర్‌లో యూజర్, అందులో నీ యూజర్ నంబరు (మామూలుగా 1000), అందులో జీవీఎఫ్ఎస్. సీడీ కొట్టి అక్కడికి వెళ్లి ఎల్ఎస్ కొడితే, ఎంటీపీతో మొదలయ్యే బారెడు పేరుతో ఫోల్డర్ కనబడుతుంది. అదే నీ ఫోన్. ఆ పేరు చేత్తో టైపు చెయ్యకు. మొదటి రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కు, మిగతాది అదే నింపుతుంది. లోపలి స్టోరేజ్ ఫోల్డర్ పేరులో ఖాళీలుంటాయి, వాటి ముందు రావాల్సిన వెనక్కి వాలిన గీతను కూడా ట్యాబే పెడుతుంది. ఇంకో మాట, సుడో వాడకు. ఆ ఫోల్డర్ నీ లాగిన్‌కే తెరుచుకుంటుంది, రూట్‌ను కూడా రానివ్వదు.

తొలిసారి సీపీకి -a అన్న ఆప్షన్ తగిలించి మొత్తం దించుకో, తర్వాత నుంచి అదే ఆప్షన్‌తో ఆర్‌సింక్ వాడితే కొత్తవే వస్తాయి.

వందల ఫైళ్లున్నప్పుడు ఎంటీపీ మధ్యలో మొరాయిస్తుంది. అప్పుడు ఏడీబీ అనే కమాండు మేలు. ఫోన్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరు మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చెయ్యి. లాప్‌టాప్‌లో ఏడీబీ డివైసెస్ అని కొట్టగానే అనుమతి ఇవ్వమంటూ ఫోన్ అడుగుతుంది. క్యాంపస్ ల్యాబ్ కంప్యూటర్ మీదైతే ఎప్పటికీ అనుమతించు అన్న గడిలో టిక్ పెట్టనే వద్దు. ఏడీబీ పుల్‌కు -a అన్న ఆప్షన్ తగిలిస్తే ఫైళ్ల పాత తేదీలు అలాగే ఉంటాయి. ఎవరి మాట ఏ రోజుదో నీకు ముఖ్యం కదా.

ఫోన్‌లోవి అప్పుడే చెరపకు. ఫైళ్లు తేడా లేకుండా వచ్చాయో లేదో తేలడానికి రెండు వైపులా షా256సమ్ నడిపి అంకెలు పోల్చు. ఫోన్ వైపు లెక్క ఏడీబీ షెల్‌లోంచే వస్తుంది. అంకెలు కలిశాక డీబగ్గింగ్ ఆపేసి, బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఇంకో కాపీ తియ్యి. నమ్మి మాట్లాడిన మనుషుల గొంతులవి, హాస్టల్ గదిలో ఒక్క చోటే ఉండకూడదు. ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు ఆ హార్డ్‌డిస్క్ తెచ్చి మా బీరువాలో పెట్టు.

మీ మామయ్య