గొంతు మారిన ఈడు
(యౌవనస్థుల ప్రేమను గూర్చి పెద్దలును పిల్లలును కలిసి చదువదగిన పాఠము)



ఈ మాసపు పాఠ విషయము విని కొందరు నవ్వుదురు. నవ్వవచ్చును. 15 ఏండ్ల పిల్లవాడు మొదటిసారి ఒక బాలిక యెదుట నిలిచి మాట రాక తడబడుట చూచి నవ్వనివారెవరు? నిన్నటివరకు చెనిక్కాయ చేలలో మట్టి కొట్టుకొని తిరిగినవాడు, నేడు గడపదాటుటకు ముందు మూడుసార్లు తల దువ్వుకొనును. పది పిలుపులు పిలిచినను లేవనివాడు, క్రిస్మసు నాటకపు అభ్యాసమునకు అందరికంటె ముందు వచ్చి కూర్చుండును. తల్లి “ఏమిరా సంగతి?” అని అడిగితే, వాని గొంతు ఒకమారు మేకపిల్లవలెను ఒకమారు కోడెదూడవలెను పలుకును. ఇది మన యిండ్లలో జరుగు వేడుకయే.

అయితే ఈ వేడుక ఎక్కడ దుఃఖముగా మారుచున్నది? దానిని అట్లు మార్చుచున్నవారెవరు? ఇదియే మన పాఠము.

1. ఈ తడబాటు ఎక్కడిది?

గొంతు మారుట, మీసకట్టు వచ్చుట, కారణము లేకయే కోపము వచ్చుట, అద్దము విడువకుండుట, ఇవన్నియు ఎదుగుదలకు గురుతులు. ఆ యీడున బాలుని స్వరపేటిక పెరుగును. అందలి తంతువులు పొడవై దళసరియగును. క్రొత్త కొలతకు గొంతు అలవాటు పడువరకు స్వరము చెప్పినమాట వినదు. మనస్సు సంగతియు అట్టిదే. కోరికలు త్వరగా మేల్కొనును గాని, ముందు వెనుకలు తూచి ‘ఇప్పుడు కాదు’ అని చెప్పవలసిన మెదడు ముందుభాగము దాదాపు 25 ఏండ్ల ప్రాయము వరకు పరిపక్వమగుచునే యుండును. ఎద్దులు ముందుగా పరుగెత్తుచున్నవి, పగ్గములు ఇంకను పేనుచున్నారు. కనుక పిల్లవాడు తడబడినంత మాత్రమున చెడిపోయినాడని తీర్పు తీర్చరాదు. పగ్గము చేతికి వచ్చువరకు ప్రక్కన నడుచువారు వానికి కావలెను.

2. కంచరపాలెపు బాలుడు

సినిమా మాట యెత్తగానే కొందరు పెద్దలు ముఖము త్రిప్పుకొందురని యెరుగుదుము. అయినను ఒక చిత్రమును గూర్చి చెప్పక తప్పదు. 2018 సెప్టెంబరులో ‘కేరాఫ్ కంచరపాలెం’ అను తెలుగు చిత్రము వచ్చినది. దర్శకుడు వెంకటేష్ మహా. విశాఖపట్టణములోని కంచరపాలెములోనే దానిని తీసిరి. అందు నటించినవారిలో ఎక్కువమంది మునుపు ఎన్నడును నటించని ఆ పేటవారే.

అందులో సుందరము అను బడిపిల్లవాడు కలడు. తనతో చదువు సునీత యనిన వానికి ప్రాణము. దగ్గరకు పోవ ధైర్యము లేదు, దూరముగా నుండ ఓర్పు లేదు. బడి వేడుకలో ఆమెతో కలిసి పాట పాడు అవకాశము దొరికినప్పుడు వాని ముఖము చూచినవారెవరును నవ్వక యుండలేరు. వాడు చేసిన నేరమేమి? పాట పాడుటయే. కాని ఆ బాలిక తండ్రి పరువు పోయినదని మండిపడి, ఆమెను ఆ బడి మాన్పించి దూరమునకు పంపివేయును. ఆ దుఃఖములో ఆ బాలుడు తన తండ్రి చేసిన వినాయక ప్రతిమనే పగులగొట్టును. పిమ్మట ఆ యింట జరిగినది ఇక్కడ చెప్పుటకు మనస్సు రాదు. అదే చిత్రములో జోసెఫు అను క్రైస్తవ యువకుని కథయు, 49 ఏండ్లు వచ్చినను పెండ్లి కాలేదని ఊరివారందరిచేత ప్రశ్నింపబడు రాజు అను అటెండరు కథయు కలవు. చూడనివారి కొరకు చివరి ముడిని మేము విప్పము.

మనము గమనింపవలసినది ఒక్కటి. పిల్లల తడబాటువలన ఎవరికిని హాని కలుగలేదు. నవ్వి ఊరకుండవలసిన చోట ఒక పెద్దవాడు పరువు కొరకు కోపపడెను. అక్కడనే కథ త్రోవ తప్పెను.

ఇది విశాఖపట్టణపు కథయే కాదు. మన పల్లెలనుండి పుత్తూరునకో, శ్రీకాళహస్తికో, తిరుపతికో బస్సెక్కి చదువబోవు బాలికలను తలంచుడి. ఎవడో ఒకడు నోటుపుస్తకములో చీటి పెట్టును. నేటి దినములలోనైతే ఫోనులో నాలుగు మాటలు పంపును. ఆమె బదులు చెప్పెనా లేదా అని కూడ అడుగువారుండరు. మరునాటినుండి ఆమెకు చదువు లేదు, ఫోను లేదు. కొన్ని దినములకు మేనమామ ఇంటివారితో సంబంధపు మాటలు మొదలగును. వ్రాసినవాడు యథాప్రకారము కాలేజికి పోవుచుండును. ఒకని తడబాటునకు మరియొకతె బ్రదుకంతయు వెల చెల్లించుట న్యాయమా?

3. రెండవ ప్రక్క

పెద్దలదే తప్పు, పిల్లలకు బుద్ధి చెప్పనక్కరలేదు అని మేము చెప్పుట లేదు. 2000 సంవత్సరములో తేజ దర్శకత్వమున ఉదయ్ కిరణ్, రీమా సేన్ నటించిన ‘చిత్రం’ అను హాస్య ప్రేమకథ వచ్చినది. అందులో కాలేజి చదువుచున్న 17 ఏండ్ల బాలుడును అతని ప్రియురాలును తొందరపడుదురు. ఆమె గర్భవతియగును. వారికి పెండ్లి చేయుదురు. చదువుతోబాటు బిడ్డను పెంచు పాట్లన్నియు నవ్వులలో చూపబడినవి. తెరమీద అది రెండున్నర గంటలలో ముగియును. ఇంటిలో ముగియదు.

చట్టమును కూడ తెలిసికొనుడి. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము బాలికకు 18, బాలునికి 21 ఏండ్లు నిండవలెను. తొందరపాటును పెండ్లితో కప్పుదమనుకొను పెద్దలును శిక్షకు లోనగుదురు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండని వారితో శరీర సంబంధము, ఇష్టపడియే జరిగినదని చెప్పినను, నేరముగా ఎంచబడును. ఆపదలోనున్న పిల్లల కొరకు 1098 అను నెంబరునకు ఖర్చులేకుండ ఫోను చేయవచ్చును.

యౌవనస్థులారా, మరియొక మాట. సినిమాలలో వెంటపడినవాడే చివరకు గెలుచును. అది అబద్ధపు బోధ. బాలిక ‘వద్దు’ అనినయెడల, మౌనముగా తొలగిపోయినయెడల, అదియే జవాబు. దానిని గౌరవించి వెనుకకు తిరుగువాడే మగవాడు.

4. బావియొద్ద యాకోబు

ఆదికాండము 29వ అధ్యాయమును ఇంటిలో కలిసి చదువుడి. రాహేలు గొఱ్ఱెలను తోలుకొని వచ్చుట చూడగానే యాకోబు ఏమి చేసెను? కాపరులందరు కూడినప్పుడు దొర్లించు రాతిని తానే దొర్లించెను. ఆమె మందకు నీళ్లు పెట్టెను. పిమ్మట బిగ్గరగా ఏడ్చెను! ఈ దినమున మన బావియొద్ద ఎవడైన అట్లు చేసిన ఊరంతయు వారము దినములు నవ్వుకొనును. లేఖనము దానిని దాచలేదు, నిందింపలేదు. అయితే ఆ కన్నీళ్ల తరువాత ఏడు సంవత్సరముల కొలువు వచ్చెను. ప్రేమవలన ఆ యేండ్లు అతనికి కొద్ది దినములుగా తోచెను. పొంగు ఒక్క గడియలో వచ్చును. అది ప్రేమయా కాదా అని కాలమే తేల్చును.

5. ఇంటిలో చేయదగినవి

తండ్రులు బెత్తము వెదకుటకు ముందు మాట వెదకవలెను. “ఏమబ్బోడా, మనసు బాగలేదా? రా, కూర్చో, సంగటి తింటా మాట్లాడుకుందాం” అని ఒక పూట అడిగి చూడుడి. వాడు చెప్పినదానిని నలుగురిలో ఎగతాళి చేయకుడి. ఒకసారి నవ్వులపాలైనవాడు రెండవసారి నోరు తెరవడు. తల్లులు, కుమార్తె చేతిలో చీటి కనబడినయెడల మొదట ఆమె చెప్పునది వినుడి. ఆమె చదువును మాత్రము ముట్టకుడి. సంఘములోని పెద్దలు, యౌవనస్థుల కూటమునకు బాలబాలికలు కలిసి వచ్చినందుకు గుసగుసలాడకుడి. వెలుగులో నలుగురి మధ్య మాటలాడ నేర్చినవారికి చీకటి చాటు అవసరముండదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన పిల్లలు మనస్సులోని మాటను మొదట ఎవరితో చెప్పుచున్నారు? మనతో చెప్పకపోయిన, ఎందుచేత?
2. మన ఊరిలో ఎవని తప్పు కొరకైనను ఏ బాలిక చదువైన ఆగిపోయినదా? ఆమెను మరల బడికి పంపుటకు మనము చేయగలిగినదేమి?
3. యౌవనస్థులారా, మీరు ప్రేమించుచున్నారని తలంచిన వారి మేలు కొరకు ఎన్ని సంవత్సరములు వేచియుండగలరు?